చిలక కొట్టిందా, గబ్బిలం కొరికిందా?

చిలక కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందన్న మాట కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వినకుండా పెరిగినవాళ్లు ఉండరు. చెట్టు కింద పడిన కాయకి గాటు కనిపిస్తే చాలు, అది చిలక ఖాతాలోకి పోతుంది. పిల్లలు దాన్ని చొక్కాకి తుడుచుకుని తినేస్తారు. రాత్రి గబ్బిలం కొరికి వదిలేసిన కాయ అయ్యుండొచ్చన్న ఊహ ఎవరికీ రాదు. తోట రైతు దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. పగలంతా చిలకలు చేసిన నష్టం కూడా గబ్బిలాల పద్దులోనే పడుతుంది. ఒకదాని పేరు ముందు రాముడున్నాడు, రెండోది తలకిందులుగా వేలాడుతుంది. తీర్పు అక్కడే అయిపోతుంది.

ఈ తీర్పు తప్పితే నష్టపోయేది జేబు. చిలకని ఆపే ఉపాయం గబ్బిలం దగ్గర పనిచేయదు, గబ్బిలానికి సరిపోయేది చిలకని కదిలించదు. రెండింటి మధ్య ఉన్న అసలు తేడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు: చిలక కాయ పచ్చిగా ఉండగానే మొదలుపెడుతుంది, గబ్బిలం పండేదాకా ఆగుతుంది. తోటలో ఏం చేయాలన్నది ఈ ఒక్క తేడా మీదే ఆధారపడుతుంది.

ఇక్కడ చిలక అంటే మెడకి గులాబిరంగు పట్టీ ఉండే మామూలు రామచిలుక. శాస్త్రనామం సిట్టాక్యులా క్రామెరీ. తోకతో కలిపి దాదాపు 40 సెంటీమీటర్ల పొడవు, అందులో సగానికి పైగా తోకే. బరువు 110 నుంచి 140 గ్రాములు. పట్టీ మగదానికే ఉంటుంది, అదీ పూర్తిగా రావడానికి మూడేళ్లు పడుతుంది. కాబట్టి పట్టీ లేని చిలకలన్నీ ఆడవి అనుకోవడానికి లేదు. భుజం మీద ఎర్రమచ్చ ఉండి ఇంతకంటే పెద్దగా కనిపిస్తే అది వేరే జాతి. గబ్బిలం అంటే మర్రి, రావి, చింత చెట్లకి నల్లసంచుల్లా వేలాడే పెద్ద పండ్ల గబ్బిలం, టెరోపస్ మీడియస్. పాత పుస్తకాల్లో టెరోపస్ జైగాంటియస్ అని ఉంటుంది. బరువు 600 గ్రాముల నుంచి కిలోన్నర దాటి ఉంటుంది, విప్పిన రెక్కలు మీటరుంపావు నుంచి మీటరున్నర. బాగా ఎదిగిన ఒక గబ్బిలాన్ని తూచాలంటే రెండో తక్కెట్లో పది చిలకల్ని పెట్టాలి.

గాటు చదవడం

చిలక ముక్కులో పైభాగం పుర్రెకి అతికించినట్టు కాకుండా మడతబందులా కదులుతుంది. కింది భాగం కత్తిలా దానికి ఎదురొస్తుంది. పాదానికి రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి కాబట్టి కాయని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుని తినగలదు. ఈ పనిముట్లతో అది చేసే గాటు అంచులు శుభ్రంగా, నెలవంకలా ఉంటాయి. గుజ్జు తీసి పారేసినట్టు ఉండి, మధ్యలో గింజల గుంట ఖాళీగా కనిపిస్తే అది చిలకే. దానికి గింజలే ముఖ్యం. కాయ చాలాసార్లు తొడిమకే వేలాడుతూ ఉంటుంది. చెట్టు కింద పచ్చిముక్కలు, కత్తిరించిన లేతరెమ్మలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. తిన్నది తక్కువ, పాడుచేసింది ఎక్కువ. పొద్దున్నే వచ్చే మందకి ఒక కాయని చివరిదాకా తినే ఓపిక ఉండదు.

గబ్బిలం పని వేరు. పండుని కోరపళ్లతో పట్టి, గుజ్జుని అంగిట్లో ఉండే గరుకుమెట్ల మీద నాలుకతో నొక్కి రసం మింగుతుంది. పిప్పిని ముద్దగా ఉమ్మేస్తుంది. రేగుపండంత నుంచి ఉసిరికాయంత దాకా, నొక్కిన ఆనవాలు ఉన్న ఎండిన పీచుముద్దలు చెట్టు కింద కనిపిస్తే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఆకుల మీద, గోడల మీద జారిన రెట్ట చారలు ఉంటాయి. రెక్కమీది గోళ్లు పండుపై సన్నటి గీతలు పెడతాయి.

చాలామంది తికమకపడేది ఇంకోచోట. చెట్టు మీద తొడిమలు మిగిలి పండ్లు మాయమై, తోట అవతల తాటిచెట్టు కిందో, వీధి చివర గోపురంలా పెరిగే అశోకచెట్టు కిందో పిప్పి, గింజలు కుప్పగా పడి ఉంటాయి. అది పెద్ద గబ్బిలం చేసిన పని కాకపోవచ్చు. సైనోప్టెరస్ స్ఫింక్స్ అనే చిన్న పండ్ల గబ్బిలం పండుని నోట కరుచుకుని తనకి అనువైన చోటికి ఎత్తుకుపోయి తింటుంది. దాని బరువు యాభై గ్రాముల అటూ ఇటూ. ఊళ్లో గబ్బిలాల చెట్టు ఉందని దాని మీద పడి ప్రయోజనం లేదు, ఈ చిన్నది అసలు అక్కడ ఉండదు. తాటాకు మడతల్లో అయిదో పదో కలిసి ఉంటాయి.

మరో ముద్దాయి ఉడత. పక్కపక్కనే సమాంతరంగా రెండు పళ్ల గీతలు, గుండ్రటి చిన్న కన్నం ఉంటే అది ఉడత కొరికింది. గాటేమీ లేకుండా మెత్తబడి రాలిన కాయని విరిచి చూడాలి. లోపల తెల్లపురుగులు ఉంటే పండు ఈగ.

ఇంతకీ చిలక కొట్టిన కాయ నిజంగా తీపేనా? కొంత నిజముంది, కారణం మాత్రం చిలక నాలుక కాదు. జామ కోసిన తర్వాత కూడా పండే జాతి కాయ. గాయమైతే దాన్లో ఇథిలీన్ వాయువు ఎక్కువగా పుట్టి పక్వం తొందరగా వస్తుంది. పక్క కాయ పచ్చిగా ఉండగా ఇది ముందే పండుతుంది, అందుకని తియ్యగా అనిపిస్తుంది. చాకుతో గీసినా ఇంచుమించు ఇదే జరుగుతుంది.

కన్ను, ముక్కు, మిరపకాయ

చిలక చూపుతో బతుకుతుంది. మన కంటిలో రంగుని గుర్తించే కణాలు మూడు రకాలైతే దాని కంటిలో నాలుగు. అతినీలలోహిత కాంతి కూడా దానికి ఒక రంగే. కాబట్టి మెరుపు, కదలిక, రంగు దాన్ని బెదిరించగలవు, పగలు మాత్రమే. పెద్ద గబ్బిలం వాసనతో పండుని వెతుకుతుంది. పండిన పండు గాలిలోకి వదిలే ఘాటే దానికి పిలుపు. పచ్చికాయకి ఆ ఘాటు ఉండదు గనక దాని జోలికి రాదు. దారి చూసుకోవడానికి పెద్ద కళ్లున్నాయి. చీకట్లో గబ్బిలాలు చెవులతో చూస్తాయన్న మాట పురుగుల్ని వేటాడే చిన్న గబ్బిలాలకి వర్తిస్తుంది. ఈ పెద్దదానికి ఆ విద్య లేదు.

మన చెవికి అందని శబ్దంతో తోటని కాపాడతాయని మార్కెట్లో అమ్మే అల్ట్రాసోనిక్ పెట్టెల సంగతి ఇక్కడే తేలిపోతుంది. అల్ట్రాసౌండ్ పక్షులకి వినిపించదు. వాటి వినికిడి చాలావరకు పది వేల హెర్ట్జ్ లోపే ఆగిపోతుంది. పెద్ద గబ్బిలం ఆ శబ్దంతో దారి వెతుక్కోదు గనక దానికి అడ్డంకీ కాదు. పెట్టె వెలుగుతూ ఉంటుంది, పండ్లు పోతూ ఉంటాయి.

గుంటూరు వాళ్లకి బాగా అర్థమయ్యే తేడా మరొకటుంది. పంజరంలో చిలకకి పండుమిరపకాయ పెట్టడం ఎప్పటినుంచో చూస్తున్నదే. అది కళ్లు కూడా ఆర్పకుండా తినేస్తుంది. దానికి ఓర్పు ఎక్కువని కాదు, అసలు మంటే తెలియదు. మిరపలో కారానికి మూలమైన క్యాప్సైసిన్ మన నరాల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టి, వేడి తగిలినట్టు భ్రమ పుట్టిస్తుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పక్షుల్లోనూ ఆ గ్రాహకం ఉంది, వేడికి స్పందిస్తుంది, కానీ క్యాప్సైసిన్‌ని పట్టించుకోదు. గబ్బిలం మనలాగే పాలిచ్చే జంతువు గనక ఈ విషయంలో మన పక్షమే. కారం నీళ్లు చల్లితే చిలకలు పోతాయని ప్రయత్నించేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. మిరప మొక్క కారాన్ని తయారుచేసుకున్నదే పక్షులు తిని గింజలు చల్లాలని, గింజలు నమిలే జంతువులు దూరంగా ఉండాలని. చిలక అక్కడా మోసం చేస్తుంది. మిగతా పక్షులు గింజని మింగి ఎక్కడో వదిలితే, ఇది ముక్కుతో గింజని పగలగొట్టి లోపలి పప్పు తింటుంది.

చెట్టు వైపు నుంచి చూస్తే ఈ తేడా చాలా పెద్దది. చిలక పొట్టలోకి వెళ్లిన జామగింజ, వేపగింజ మళ్లీ మొలవవు. గబ్బిలం జామ, మర్రి, రావి, మేడి గింజల్ని మింగి, అరగంట అటూ ఇటూగా ఎగురుతూనే విసర్జిస్తుంది. నేరేడు, బాదం లాంటి పెద్ద గింజల్ని మోసుకుపోయి పడేస్తుంది. మేతకోసం ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి గింజ తల్లిచెట్టుకి చాలా దూరంలో పడుతుంది. పాత మేడల పిట్టగోడల మీద మొలిచే రావిమొక్కల్లో కొన్ని దాని చలవే. ఇంటివాళ్లు దాన్ని తిట్టుకుంటారనుకోండి, అది వేరే సంగతి. తెల్లబూరుగ, ఇప్ప లాంటి చెట్ల పూలు రాత్రిపూట విచ్చుకునేది గబ్బిలాల కోసమే. తేనె తాగుతూ అవి పుప్పొడి మోస్తాయి. చిలక కూడా బూరుగ పూల మీద వాలుతుంది, కాకపోతే చాలాసార్లు పూవునే తుంచి తేనె పీల్చి కింద పడేస్తుంది.

చేలో, తోటలో ఏం చేయాలి

కృష్ణా డెల్టాలో వరి కోతల తర్వాత వేసే జొన్న, మొక్కజొన్న చిలకలకి విందు. కారణం కేలెండర్లోనే ఉంది. చిలకలు గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే కాలం ఇక్కడ జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మాగాణి జొన్న పాలుపోసుకునేది, మొక్కజొన్న కండె గట్టిపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పాలగింజ పిల్లల నోటికి సరిపోయే మేత. గబ్బిలానికి ఈ రెండు పంటలతో ఏ సంబంధమూ లేదు. జొన్నచేలో రాత్రి కాపలా కాస్తే దోమలు కుట్టడం తప్ప ఫలితం ఉండదు.

చేలో మొదటి రక్షణ విత్తే తేదీ. ఊరంతా వారం పది రోజుల తేడాలో విత్తితే చిలకల మేత అన్ని చేల మీదికీ పంచుకుపోతుంది. ఇరవై రోజులు ముందో వెనకో ఒక్కడే విత్తినవాడి చేను చుట్టుపక్కల మందలన్నిటికీ ఏకైక గమ్యం అవుతుంది. చెట్లకి, కరెంటు తీగలకి ఆనుకున్న గట్టు వరసలే ముందు పోతాయి. దిగేముందు కూర్చుని చూసుకునే చోటు చిలకకి కావాలి. అందుకని మొక్కజొన్నలో గట్టు వెంబడి మూడు నాలుగు వరసలకి, కండె పక్కనున్న ఆకునే దాని చుట్టూ తిప్పి కప్పేస్తే చాలావరకు ఆగుతుంది. చేనంతా కప్పక్కర్లేదు. ఖర్చు కూలీ ఒక్కటే.

మెరుపు రిబ్బన్ రెండో ఉపాయం. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు వెండిరంగు ఉండే సన్నటి పాలియెస్టర్ పట్టీ ఇది, వెడల్పు సెంటీమీటరు పైచిలుకు. పది మీటర్లకో కర్ర పాతి, పైరు తలకి అడుగు పైన ఉత్తర దక్షిణాలుగా కట్టాలి. వరసల మధ్య అయిదు మీటర్ల ఎడం. కట్టేటప్పుడు రెండు మూడు మెలికలు వేయాలి. మెలిక లేకపోతే మెరవదు, గాలికి రొద కూడా చేయదు. ఇందులో రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. మొదటిది, పైరు మోకాలెత్తులో ఉండగానే కట్టేయడం. గింజ పాలుపోసుకునే నాటికి చిలకలు దానికి అలవాటుపడిపోయి ఉంటాయి. పాలగింజ దశలో కట్టి, గింజ గట్టిపడగానే తీసేయాలి. రెండోది, పండ్లతోటలో గబ్బిలాల కోసం కట్టడం. వెలుగే లేనప్పుడు మెరిసేదేముంది?

కోడిగుడ్డు ద్రావణం ఇంకో పద్ధతి. గుడ్డు సొన బాగా గిలకొట్టి, లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, వడపోసి, పాలగింజ దశలో కంకుల మీద పిచికారీ చేస్తారు. వాసనకీ రుచికీ పక్షులు వెనక్కి తగ్గుతాయి. వడపోయకపోతే నాజిల్ మూసుకుపోతుంది. వాన పడితే మళ్లీ కొట్టాలి.

ఇక పండ్లతోట. సపోటా, మామిడి తోటల్లో గబ్బిలం నష్టం గురించి చేసే ఫిర్యాదులో సగం కోత ఆలస్యానిదే. ఈ రెండూ కాయ ముదిరాక పచ్చిగానే కోసి, ఇంట్లో మగ్గబెట్టే పంటలు. గబ్బిలానికి దొరికేది కోతలో చెయ్యి అందక వదిలేసినవీ, చెట్టు మీదే పండినవీ. అవి ఎలాగూ బజారుకి చేరవు. అరటి కూడా అంతే, గెల పచ్చిగా దిగుతుంది. చిలక విషయంలో ఈ వెసులుబాటు లేదు. ముందే కోద్దామంటే అది అంతకంటే ముందే వచ్చి ఉంటుంది.

జామ ఒక్కటే నిజంగా ఇబ్బంది పెడుతుంది, అక్కడ ఇద్దరూ పోటీదారులే. కాయ రంగు ముదురాకుపచ్చ నుంచి లేతాకుపచ్చకి తిరిగి, పసుపు తొంగిచూసే దశలోనే రోజు విడిచి రోజు కోస్తే గబ్బిలం వాటా బాగా తగ్గుతుంది. కోత సాయంత్రం పెట్టుకోవడం మేలు. రంగు తిరిగిన కాయ ఆ రాత్రి చెట్టు మీద ఉండకూడదు. నిమ్మకాయ సైజులో ఉండగా ఒక్కో కాయకి సంచి కట్టడం పండు ఈగ కోసం ఎలాగూ చేస్తారు, గబ్బిలానికీ అది కొంత అడ్డమే. చిలక మాత్రం సంచి చింపి చూడగలదు. తోటలో పాడైన కాయల్ని కిందే వదిలేయడం రెండు రకాలుగా చేటు: ఈగ పెరుగుతుంది, పులిసిన వాసన గబ్బిలాల్ని పిలుస్తుంది.

వల ఒక్కటే ఇద్దరినీ ఆపుతుంది, సరిగ్గా వేస్తే. ఉద్యాన మిషన్ 2014 నాటి మార్గదర్శకాల్లో పక్షుల వలకి చదరపు మీటరు ఖర్చు 35 రూపాయలుగా కట్టి, అందులో సగం రాయితీ, రైతుకి 5000 చదరపు మీటర్ల పరిమితి పెట్టారు. ఆ లెక్కన ఎకరానికి, అంటే 4047 చదరపు మీటర్లకి, లక్షా నలభై ఒక్క వేల పైచిలుకు. పక్కల దిగే వల దీనికి అదనం. ఈ ఖర్చుకి అర్థం ఉండేది కొమ్మ కత్తిరింపుతో ఆరేడు అడుగుల్లో ఉంచే జామతోటకే. ముప్పై ఏళ్ల సపోటా చెట్టు మీద వల కప్పాలన్న ఆలోచన కాగితం మీదే బాగుంటుంది.

వల ఎంపికలో గమనించాల్సినవి కంత, దారం, బిగువు. కంతలోంచి చిటికెనవేలు దూరిందంటే గబ్బిలం వేలూ దూరుతుంది, చిక్కుకుంటుంది. పండ్లతోటల గబ్బిలాల సమస్య బాగా ఉన్న ఆస్ట్రేలియాలో 5 మిల్లీమీటర్ల కంత మించని వలే సురక్షితమంటారు. చేపల వలలాంటి సన్నటి నైలాన్ దారం అస్సలు పనికిరాదు. రాత్రి గబ్బిలానికి కనిపించదు, రెక్కపొర కోసుకుపోతుంది. పగలు చిలక దాన్ని కొరికేయగలదు కూడా. తెల్లగా, కాస్త మందంగా ఉన్న అల్లిక వల మేలు. చెట్టు మీద వదులుగా పరిచిన వల ఉచ్చుతో సమానం. కర్రల మీద బిగించి లాగి, పక్కలు నేలదాకా దించి మట్టి కప్పాలి. జానెడు సందు వదిలితే చిలకలు అక్కడి నుంచే దూరి, బయటికి దారి తెలియక వల లోపలే తిరుగుతూ ఉన్న కాయల్నన్నీ కొడతాయి.

టపాకాయల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. రెండు మూడు రోజులు పనిచేస్తాయి, తర్వాత డబ్బు పొగ. గబ్బిలాలు పగలు నిద్రపోయే చెట్టు దగ్గర కాల్చడం మాత్రం క్రూరత్వం. ఫిబ్రవరి నుంచి మే దాకా తల్లుల పొట్టలకి పిల్లలు కరుచుకుని ఉంటాయి. ఉలిక్కిపడి లేస్తే అవి జారిపడతాయి.

ఒక పిల్ల, నాలుగు గుడ్లు

ఆడచిలక ఏటా మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. పొదగడానికి మూడు వారాల పైన, పిల్ల ఎగరడానికి మరో ఆరేడు వారాలు. గూడు కట్టదు. మోడువారిన తాటిచెట్టులో తొర్రో, పాతగోడలో కన్నమో చాలు. గబ్బిలం అయిదు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లని కంటుంది. పిల్ల సొంతంగా ఎగరడానికి పదకొండు వారాలు పడుతుంది. సగం చిలకలు పోయినా రెండు మూడేళ్లలో మంద కోలుకోవచ్చు. వెయ్యి గబ్బిలాలున్న చెట్టు కొట్టేస్తే ఆ లోటు తీరడానికి ఒక తరం పడుతుంది.

మన దగ్గర ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావు. ఒకటి తొర్రలో, ఒకటి కొమ్మకి. ఒకటి ఇల్లు చేరే వేళకి రెండోది బయల్దేరుతుంది. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో మాత్రం కథ అడ్డం తిరిగింది. పంజరాల వ్యాపారంలో అక్కడికి చేరి తప్పించుకున్న మన రామచిలుకలే మరియా లూయిసా పార్కులో స్థిరపడ్డాయి. అక్కడి చెట్ల తొర్రల్లో ఉండేది యూరప్‌లోనే అతిపెద్దదైన గ్రేటర్ నాక్ట్యూల్ అనే గబ్బిలం. చిలకలు దాన్ని తొర్రలోంచి తరిమి, చాలాసార్లు రెక్కలు చీల్చి చంపేశాయి. పద్నాలుగేళ్లలో ఆ గబ్బిలాలు ఉండే చెట్ల సంఖ్య 81 శాతం పడిపోయిందని 2018లో వచ్చిన పరిశోధన తేల్చింది. కార్డులు తీసి జాతకం చెప్పే బుద్ధిమంతురాలిగా మనం ఎరిగిన పక్షి ఇదే.

చట్టం కూడా చాలాకాలం మన ఇష్టాయిష్టాల్నే అనుసరించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలు ఎలుకలు, కాకులతో కలిపి హానికర జంతువుల అయిదో షెడ్యూల్‌లో ఉండేవి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ షెడ్యూలే లేదు. హానికరమని కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనో, అటవీ అధికారులు అనుమతిస్తేనో తప్ప చంపే హక్కు ఎవరికీ లేదు. రామచిలుక రెండో షెడ్యూల్‌లో ఉంది. పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. వీధిలో చిలక జోస్యం చెప్పేవాడి పంజరమూ, ముద్దుగా పెంచుకునే ఇంటి పంజరమూ చట్టం దృష్టిలో ఒకటే. ఇంటివాళ్లకి ఈ సంగతి చెబితే నమ్మరు.

రోగాల సంగతి

కొరికిన కాయ తినొద్దని ఇప్పుడు గట్టిగా చెప్పడానికి కారణం నిపా. పెద్ద పండ్ల గబ్బిలాలు ఆ వైరస్‌ని తమకి జబ్బు చేయకుండా మోయగలవు. మన దేశంలో 2001లో సిలిగురిలో, 2018లో కోళికోడ్‌లో మనుషులు చనిపోయారు. బంగ్లాదేశ్‌లో అది ఎక్కువగా వ్యాపించింది పచ్చి ఈతరసం ద్వారా. రాత్రి రసం కోసం చెట్టుకి గీసిన గీత దగ్గర గబ్బిలాలు నాకి, కుండలో మూత్రం పోయడమే మూలం. అక్కడ గీత మీద వెదురుదడి కట్టడం మొదలుపెట్టారు. తాటికల్లు, ఈతకల్లు దించే మన పల్లెలకి కూడా ఇది మంచి అలవాటే. ముంత మూతి మీద సన్నటి అల్లిక గుడ్డో, తాటాకు దడో కట్టడానికి గీతకార్మికుడికి పట్టేది రెండు నిమిషాలు. బెల్లానికి కాచే రసంతో ఆ భయం లేదు, మరిగితే వైరస్ బతకదు. గాటున్న కాయని, చిలకదే అనిపించినా సరే, గొయ్యిలో వేయాలి. గాటు లేనిది కడిగి, తొక్క తీసి తినొచ్చు. గబ్బిలాల చెట్టు కింద నడిస్తేనే జబ్బు వస్తుందన్న భయానికి ఆధారం లేదు.

చిలకా ఏమీ పవిత్రమైంది కాదు. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే వచ్చే సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకి పేరే చిలక మీద పెట్టారు. అది ప్రధానంగా పంజరాల ఇళ్ల సమస్య.

ఎండ

42 డిగ్రీలు దాటితే పెద్ద గబ్బిలానికి ప్రాణగండం. రెక్కలు విసురుకుంటుంది, ఒళ్లు నాక్కుంటుంది, నీడకోసం మొద్దు వైపు కిందికి జరుగుతుంది, ఆఖరికి రాలిపోతుంది. 2020 మేలో గోరఖ్‌పూర్ దగ్గర చాలా గబ్బిలాలు ఒక్కసారిగా చచ్చి పడితే జనం కరోనా అని భయపడ్డారు, పరీక్షల్లో వడదెబ్బ అని తేలింది. విజయవాడకి 42 ఏపాటి? చిలక ఆ వేళకి గుబురులోకో తొర్రలోకో దూరిపోతుంది.

పడిపోయిన గబ్బిలాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. భయంలో కరుస్తుంది. మందపాటి తువ్వాలు కప్పి, చెట్టునీడలో కొమ్మకి వేలాడేలా ఆనించాలి. నేల మీద నుంచి అది ఎగరలేదు. తర్వాత అటవీశాఖకి చెప్పాలి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి. కరెంటు తీగలకి వేలాడే కళేబరాల కారణం వేరు. రెండు తీగల మధ్య ఎడం రెక్కల వెడల్పు కంటే తక్కువైనచోట ఒకేసారి రెండూ తగిలి చనిపోతాయి. చిలకకి అంత రెక్క లేదు, తీగ మీద వరసగా కూర్చుని కబుర్లాడుతుంది.

వేసవిలో పక్షులకి డాబా మీద మట్టిమూకుడులో నీళ్లు పెట్టేవాళ్లు పట్నంలో చాలామందే ఉన్నారు. చిలక అంచున వాలి తాగిపోతుంది. గబ్బిలం అలా వాలి తాగలేదు. ఎగురుతూ వచ్చి నీటిని పొట్టతో ఒరుసుకుని, తర్వాత కొమ్మకి వేలాడి తడిసిన వెంట్రుకల్ని నాక్కుంటుంది. దానికి కావాల్సింది పారే కాలువో, చెరువో, కనీసం పైన తీగలేవీ లేని పొడవాటి తొట్టో. విజయవాడలో పారే బందరు, ఏలూరు, రైవస్ కాలువలకి నీళ్లు ఆపేసేది మాత్రం సరిగ్గా ఆ ఎండల్లోనే.